వరదలో నానిన నాజియా హసన్ క్యాసెట్, కర్నూల్లో దాన్ని బతికించిన షాపు

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. పాత క్యాసెట్లు ఇక పనికిరావని అటక మీద పడేసినవాళ్లు కర్నూల్లో ఎవరైనా ఉంటే, దయచేసి వాటిని పాత సామాన్ల బండికి వేయకండి. ఈ షాపుకు తీసుకుపోండి. నేను ఆరు క్యాసెట్లు ఇచ్చాను, ఐదు బతికాయి. ఆ ఐదింట్లో ఒకటి 2009 వరదలో రెండు రోజులు బురదనీళ్లలో నానిన క్యాసెట్. ఇన్నేళ్లూ దాన్ని పాత నూలుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకున్నాను తప్ప ఒక్కసారి కూడా ప్లేయర్లో పెట్టే ధైర్యం చేయలేదు. ఇప్పుడు అది నా ఫోన్లో మోగుతోంది.

షాపు వన్ టౌన్లో ఉంది. కొండారెడ్డి బురుజు దగ్గర ఆటో దిగి నడిస్తే ఐదు నిమిషాలు. కింద బట్టల కొట్టు, పక్కనే మెట్లు, పైన ఒకే గది. పేరు రాసిన పెద్ద బోర్డేమీ లేదు. ‘పాత ఆడియో, వీడియో క్యాసెట్లు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించబడును’ అని చిన్న ఫ్లెక్సీ ఉంటుంది, అదీ ఎండకు వెలిసిపోయింది. మెట్లు బాగా నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నుంచి పిలిస్తే షాపాయనే దిగి వచ్చి తీసుకుంటాడు. ఆ సంగతి నాకు రెండోసారికి గాని తెలియలేదు.

ఆయనకు యాభై దాటి ఉంటాయి. వాళ్ల నాయన ఆ కాలంలో రికార్డింగ్ సెంటర్ నడిపేవాడట. తెల్ల కాగితం మీద పాటల పేర్లు రాసి, ఒక ఖాళీ క్యాసెట్ చేతికిస్తే, నాలుగు రోజులకు ఆ పాటలన్నీ వరసగా ఎక్కించి ఇచ్చేవాళ్లు గుర్తుందా? ఆ పని. సి-60 క్యాసెట్ అయితే ఒక్కో వైపు అరగంట. చివరి పాట సగంలో తెగిపోకుండా ఉండాలని మేం ఇంట్లో కూర్చుని నిమిషాలు కూడుకునేవాళ్లం. ఆ నాయన వాడిన డెక్‌లు రెండు ఇంకా ఆ గదిలోనే ఉన్నాయి, రెండూ పనిచేస్తున్నాయి.

నా గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ రివ్యూలో నేను గొంతు గురించే ఎక్కువ మాట్లాడబోతున్నాను. ముప్పై ఏళ్లకు పైగా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేశాను. మొదట్లో దూరపు ఊళ్ల కాల్స్ కలిపే ట్రంకు బోర్డు మీద ఆపరేటర్ని. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని రోజంతా మనుషుల గొంతులు వినడమే ఉద్యోగం. లైన్లో ఎంత గరగర ఉన్నా అవతలి మనిషికి జలుబు చేసిందా, ఏడ్చి మాట్లాడుతోందా, పక్కన ఎవరైనా ఉన్నారని నీళ్లు నములుతోందా, అన్నీ తెలిసిపోయేవి. మాట కంటే మాటకు ముందు తీసుకునే ఊపిరి ఎక్కువ చెబుతుంది. అది నా చెవి నేర్చుకున్న విద్య.

ఇక ఆ క్యాసెట్. పాకిస్తాన్ పాప్ గాయని నాజియా హసన్ ‘డిస్కో దీవానే’.

మా ఇల్లు పాత ఊళ్లో, హంద్రీ ఒడ్డుకు దగ్గరగా ఉండేది. పక్కింట్లో ఆపా (ఉర్దూలో అక్క) వాళ్లు. ఆపా నాకంటే నాలుగేళ్లు పెద్ద. వాళ్ల మామూ కువైట్ నుంచి టూ-ఇన్-వన్ తెచ్చాడు, రేడియో, టేప్ రికార్డర్ రెండూ ఒకదాంట్లోనే. వెండిరంగుది, రెండు స్పీకర్లు. ఆపా గోడ అవతల పాట పెడితే మా వంటింట్లో రొట్టెలు తట్టుకుంటూ నేను ఇవతల వినేదాన్ని. బుధవారం రాత్రి ఎనిమిదికి మాత్రం వాళ్లింట్లోనే కూర్చునేదాన్ని. రేడియో సిలోన్లో అమీన్ సయానీ నడిపే హిందీ పాటల కార్యక్రమం, బినాకా గీత్‌మాలా. 1980లో ‘ఖుర్బానీ’ పాటలు వచ్చాయి. ‘ఆప్ జైసా కోయీ’ మొదటిసారి విన్నప్పుడు ఆపా రేడియో దగ్గరికి జరిగి, ‘ఈ పిల్ల ఎవరే?’ అంది.

ఆ మాట ఇవాళ్టి పిల్లలకు అర్థం కాదు. హిందీ పాట అంటే లత, లేకపోతే ఆశ. ఆ ఇద్దరి గొంతులూ చిన్నప్పటి నుంచి మా చెవుల్లో నాటుకుపోయాయి. ఇది ఆ ఇద్దరిలో ఎవరూ కాదు. సన్నటి గొంతు, కొంచెం ముక్కులోంచి వస్తున్నట్టు, గమకం లేకుండా తిన్నగా పోతుంది. ఒకే మనిషి రెండుసార్లు పాడి ఒకదాని మీద ఒకటి పరిచినట్టుంటుంది, దాని వెనక ఒక ప్రతిధ్వని. మా అమ్మకు అసలు నచ్చలేదు. నేను అప్పటికి రెండేళ్లుగా సంగీతం పంతులమ్మ దగ్గర సరళీస్వరాలు, జంటస్వరాలు నేర్చుకుంటున్నాను. ఆవిడ మాటిమాటికీ అనే మాట, ‘ఊపిరి తీసుకున్నట్టు వినపడకూడదమ్మా’ అని. ఈ అమ్మాయి పాటలో ఊపిరి స్పష్టంగా వినబడుతోంది. వినబడినా బాగుంది. నాకు పెద్ద తలుపు తెరిచినట్టయింది.

ఆ అమ్మాయి వివరాలన్నీ ఆపానే చెప్పింది. వాళ్లింటికి ఉర్దూ సినిమా పత్రికలు వచ్చేవి. ఆపా చదివి, నాకు మన ఊరి ఉర్దూలో, తర్వాత తెలుగులో చెప్పేది. నాజియా 1965 ఏప్రిల్ 3న కరాచీలో పుట్టింది. నాన్న బసీర్ హసన్ వ్యాపారి, అమ్మ మునీజా సమాజసేవ చేసేది. బాల్యం కొంత కరాచీలో, కొంత లండన్లో. తమ్ముడు జోహేబ్‌తో కలిసి పాకిస్తాన్ టీవీలో సొహైల్ రాణా నడిపిన పిల్లల సంగీత కార్యక్రమంలో పాడింది. సంగీత ప్రపంచంతో ఆమె పరిచయం అంతే. సినిమా పాటల ఇంట్లో పుట్టలేదు, ఏళ్ల తరబడి ఏ ఉస్తాద్ దగ్గరా తాలీమ్ చేసిన గొంతు కాదు. నాకంటే ఏడాది పెద్ద. జోహేబ్‌దీ నాదీ ఒకే ఈడు. ఆ లెక్క వేసుకున్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. నా వయసు పిల్ల రేడియోలో ఉంది.

లండన్లో ఒక విందులో ఫిరోజ్ ఖాన్ కంట పడింది. అప్పుడాయన ‘ఖుర్బానీ’ తీస్తున్నాడు. బిద్దు దగ్గరికి వెళ్లి పాడి వినిపించమన్నాడు. బిద్దు అంటే మన పక్క బెంగళూరులో పుట్టి, ఇంగ్లండు వెళ్లి, 1974లో కార్ల్ డగ్లస్ చేత ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ పాడించి లోకమంతా మోగించినవాడు. ఫిరోజ్ ఖాన్ కూడా బెంగళూరులో పుట్టినవాడే. బెంగళూరు మనుషులిద్దరు లండన్లో కూర్చుని కరాచీ పిల్ల చేత హిందీ పాట పాడించారన్న మాట. ఆపా ఈ సంగతి చెప్పినప్పుడు ఇద్దరం ఎంత మురిసిపోయామో. కర్నూలు నుంచి బెంగళూరు ఒక రాత్రి ప్రయాణం కదా!

ఆ సినిమాలో మిగతా పాటలన్నీ కల్యాణ్‌జీ-ఆనంద్‌జీవి. ఈ ఒక్క పాట మాత్రం బిద్దు చేశాడు. తెర మీద జీనత్ అమన్. సినిమా వచ్చేనాటికి నాజియాకు పదిహేనేళ్లు. ఆ పాటకే ఫిలింఫేర్ ఉత్తమ గాయని అవార్డు వచ్చింది. అంత చిన్న వయసులో ఆ అవార్డు అందుకున్న గాయని ఆమే. ఆ వార్త చదివిన రోజు ఆపా వాళ్ల అమ్మ ఇంట్లో షీర్ ఖుర్మా చేసింది, పండగేమీ లేకుండానే.

సినిమా పాటతో పేరు రావడం వేరు. ఆ తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1981లో బిద్దు ఆ అక్కాతమ్ముళ్లిద్దరితో ‘డిస్కో దీవానే’ చేశాడు. దాని వెనక సినిమా లేదు, హీరో లేడు, కథ లేదు. పాటలు మాత్రమే. మన దేశంలో భక్తి పాటలో గజళ్లో అయితే తప్ప, సినిమా లేని పాట జనంలోకి పోవడం అప్పటిదాకా ఎక్కడుంది? హెచ్.ఎం.వి. క్యాసెట్. హైదరాబాద్‌లో చదువుతున్న మా అన్న ఆబిడ్స్‌లో కొని సంక్రాంతికి తెచ్చాడు. నా కోసం అన్నాడు గాని, దానికి తగిన టేప్ రికార్డర్ మా ఇంట్లో ఉంటే కదా. కాబట్టి క్యాసెట్ నాది, మోగేది ఆపా ఇంట్లో. ఆ అట్ట పెట్టె మీద మా అన్న ఇంకు పెన్నుతో నా పేరు రాశాడు. వరద ఆ పేరును తీసుకుపోయింది.

వరద గురించి కర్నూలు వాళ్లకు చెప్పక్కర్లేదు. 2009 అక్టోబరు 2, గాంధీ జయంతి. హంద్రీ, తుంగభద్ర రెండూ కలిసి ఊరి మీదికి వచ్చాయి. మా ఇంట్లో నీళ్లు గోడ గడియారం దాకా లేచాయి. మేం మిద్దె మీద. కింద ఇనుప ట్రంకు పెట్టెలో నా క్యాసెట్లు. నీళ్లు తీశాక పెట్టె తెరిస్తే లోపల జిగట ఒండ్రు, చేత్తో తోడాల్సి వచ్చింది. నలభైకి పైగా పారేశాను. తొమ్మిది మాత్రం పారేయలేకపోయాను. మంచినీళ్లలో ముంచి తీసి, నీడన ఆరబెట్టి, గుడ్డలో చుట్టాను. అప్పుడు తెలిసి చేసింది కాదు, ఏదో ఒకటి చేయాలని చేసిన పని. ఎండలో పెట్టి ఉంటే టేపు వంకరపోయి అప్పుడే పోయేదని ఈ షాపాయన ఇప్పుడు చెప్పాడు.

క్యాసెట్ చేతిలోకి తీసుకోగానే ఆయన మొదట అడిగిన మాట, ‘అక్కా, దీన్ని ఎక్కడా ప్లేయర్లో పెట్టలేదు కదా?’

‘లేదప్పా, భయమేసి పెట్టలేదు.’

‘మంచి పని చేసినారు. పెట్టింటే ఒండ్రు ఇసుక కాగితం లెక్క గీకేసుండేది.’

ఆ ఒక్క ప్రశ్నతో నాకు నమ్మకం కుదిరింది. రెండేళ్ల కింద వేరే ఊళ్లో ఒకచోట నాకు చేదు అనుభవం ఉంది. మా మేనమామ పాడిన తత్వాల క్యాసెట్ ఇస్తే, తీసుకున్న కుర్రాడు చూసిచూడగానే మెషీన్లో పెట్టి బటన్ నొక్కాడు. టేపు మొత్తం రోలర్‌కు చుట్టుకుని నలిగిపోయింది. ‘పాతది కదా మేడం’ అన్నాడు. దాని తర్వాత ఎవరికీ ఇవ్వకూడదనే అనుకున్నాను.

ఇక్కడ పని ఎలా చేస్తారో నేను దగ్గర కూర్చుని చూశాను. చూస్తానంటే వద్దనలేదు, స్టూలు వేశాడు. పాత కంపెనీ క్యాసెట్లు కొన్నిటికి స్క్రూలు ఉండవు, రెండు చిప్పలూ అతికించేసి ఉంటాయి. ‘డిస్కో దీవానే’ అలాంటిదే. అతుకు వెంబడి సన్నటి బ్లేడు పెట్టి, కొంచెం కొంచెంగా ఒత్తుతూ విడదీశాడు. లోపల టేపు చుట్టలు రెండూ ఒండ్రుతో బిళ్లల్లా గట్టిపడి ఉన్నాయి. వాటిని డిస్టిల్డ్ వాటర్లో నానబెట్టి, చేత్తో తిప్పే చిన్న చట్రం మీద ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకు మెల్లగా లాగుతూ, మధ్యలో మెత్తటి గుడ్డతో తుడిచాడు. టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఒక్కో వైపు అరగంట మోగే క్యాసెట్లో దాదాపు తొంభై మీటర్లు ఉంటుందట. నాది అంతకంటే కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, ఏమైనా అదంతా వేలితో పట్టుకుని తుడవాలి. ఆ పూట నేను కూర్చున్న రెండు గంటల్లో ఆయన ఫోన్ ఎత్తలేదు.

రెండు చోట్ల టేపు తెగింది. మనం ఇంట్లో తెగితే సెల్లోటేపు వేసేవాళ్లం గుర్తుందా? అది తప్పట. జిగురు కారి పక్క చుట్టకు అంటుకుంటుంది. దీనికి వేరే పల్చటి టేపు ఉంది, అది వేసి అతికించాడు. ఫ్యాను కింద రెండు రోజులు ఆరనిచ్చి, తర్వాత చుట్టలను స్క్రూలున్న కొత్త చిప్పల్లోకి మార్చాడు. కొత్త చిప్పల్లో టేపును హెడ్‌కు (ప్లేయర్లో పాటను చదివే భాగానికి) ఆనించే ఫెల్ట్ ముక్క మెత్తగా, కొత్తగా ఉంటుంది. పాత వాటిలో అది ఊడిపోయి ఉంటుంది, సగం క్యాసెట్లు గొణిగినట్టు వినబడేది అందుకేనట. పాత చిప్పలు పారేయకుండా కవర్లో పెట్టి నాకు తిరిగి ఇచ్చాడు. అడక్కుండానే.

ప్లే చేసే ముందు ఇంకో పని. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని ఏ కొంచెం తిప్పినా పాట మూసుకుపోతుంది, లేదా తెరుచుకుంటుంది. ప్రతి క్యాసెట్‌కీ విడిగా తిప్పి సరిచూసుకోవాలి. ఆయన కళ్లు మూసుకుని తిప్పాడు. నేను కూడా కళ్లు మూసుకున్నాను. ‘ఇక్కడ’ అని ఇద్దరం ఒకేసారి అన్నాం. ఎక్స్‌ఛేంజి వదిలిన తర్వాత నా చెవి ఒకరి పనికి సాయపడింది ఆ రోజే.

అప్పుడు మొదటి పాట మొదలైంది. నేను ఏడ్చాను. దాచుకోవాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు లోపాలు.

వారం అన్నాడు, పందొమ్మిది రోజులు పట్టింది. మధ్యలో నేనే మూడుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది. రసీదు ఇవ్వడు. నోట్‌బుక్కులో రాసుకుంటాడు అంతే. నేను మాత్రం పట్టుబట్టి ఒక కాగితం మీద రాయించుకున్నాను, మీరూ రాయించుకోండి. పెన్ డ్రైవ్‌లో ఫైళ్లకు పాటల పేర్లు ఉండవు, ‘ట్రాక్ 1, ట్రాక్ 2’ అని ఉంటాయి. మా చెల్లెలి మనవడు కూర్చుని పేర్లు పెట్టాడు.

ఇవన్నీ చిన్నవి. అసలు తప్పు ఒకటి జరిగింది. పెన్ డ్రైవ్ ఇంటికి తెచ్చుకుని రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. బుస్సుమనే శబ్దం అస్సలు లేదు. కొత్త పాటలా నున్నగా ఉంది. ‘లేకిన్ మేరా దిల్’ దగ్గరికి వచ్చేసరికి మనసు ఎక్కడో కలుక్కుమంది. పాట ఉంది, మనిషి లేదు. మళ్లీ వెనక్కి పోయి విన్నాను. మాటకూ మాటకూ మధ్య నిశ్శబ్దం గోడలా ఉంది. ఆమె ఊపిరి తీసుకోవడం లేదు. చరణం చివర గొంతు సన్నగిల్లి వదిలే ఆ చివరి ముక్క కత్తిరించినట్టు ఆగిపోతోంది. శబ్దం శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్, ఒక మట్టం కంటే తక్కువ ఉన్నదంతా చెత్త అనుకుని తీసేసింది. ఆమె ఊపిరి కూడా ఆ చెత్తలో పోయింది.

నాజియా 2000 ఆగస్టు 13న లండన్లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయింది. ముప్పై ఐదేళ్లకే. ఆ మనిషి పదిహేను, పదహారేళ్ల వయసులో తీసుకున్న ఊపిరి ఆ టేపు మీద ఉంది. హంద్రీ నీళ్లు దాన్ని చెరపలేకపోయాయి. ఒక బటన్ చెరిపేసింది. ఆ రాత్రి నాకు కోపం కంటే బాధ ఎక్కువైంది.

తెల్లారి వెళ్లి చెప్పాను. నా మాట పట్టించుకోకుండా ‘అందరూ ఇట్లే అడుగుతారక్కా’ అని పంపేసి ఉంటే ఈ రివ్యూ వేరేలా ఉండేది. ఆయన అదే మాట మొదలుపెట్టాడు కూడా. తర్వాత ఆగి, ‘ఎక్కడ?’ అని అడిగాడు. నేను చోటు చూపించాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని శుభ్రం చేసినదీ, చేయనిదీ రెండూ పక్కపక్కన విన్నాడు. మూడుసార్లు విన్నాడు. ‘నిజమే అక్కా. ఊపిరి పోయింది’ అన్నాడు.

మళ్లీ చేయగలిగాడు, ఎందుకంటే అసలు ఫైలు దాచిపెట్టాడు. ఇలాంటి టేపు మొదటిసారి తిరిగినప్పుడే బాగా పలుకుతుందట, రెండోసారికి పైపూత పొడిపొడిగా రాలిపోవచ్చట. అందుకని మొదటిసారి తిప్పేటప్పుడే ఏమీ ముట్టుకోకుండా రికార్డు చేసి పక్కన పెట్టుకుంటాడు. ఆ ఫైలు నుంచి కొత్తగా తీశాడు. ఈసారి మోటారు గుంయ్‌మనే శబ్దాన్ని మాత్రం తగ్గించి, బుస్సును వదిలేశాడు. దానికి అదనంగా ఒక్క రూపాయి తీసుకోలేదు. ఇస్తానన్నా వద్దన్నాడు.

కాబట్టి మీరు వెళ్తే ముందే చెప్పండి: ‘శుభ్రం చేయకుండా అసలు ఫైలు కూడా ఇవ్వండి’ అని. పెద్ద సైజు వేవ్ ఫైళ్లు ఇస్తాడు, అందుకని పెన్ డ్రైవ్ 32 జీబీది పట్టుకుపోండి. ఎంపీత్రీ మాత్రమే తీసుకుని సరిపెట్టుకోకండి. ముఖ్యంగా మీ క్యాసెట్లో ఇంట్లోవాళ్ల మాటలు, తాతల పద్యాలు, అమ్మమ్మ పాటలు ఉంటే.

మా చెల్లెలి మనవడు అడిగాడు, ‘ఈ పాటలన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా అమ్మమ్మా, ఇంత ఖర్చు ఎందుకు?’ అని. తప్పు ప్రశ్నేమీ కాదు. పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరికీ చెరొక ఇయర్‌ఫోన్ పెట్టి వినిపించాను. మొదట ఫోన్లో దొరికిన పాట, తర్వాత ఇది. మూడో పాటలో ఒకచోట శబ్దం ఒక్క క్షణం కుంగి లేస్తుంది. అది ఆపా టూ-ఇన్-వన్ 1983లో ఒకసారి టేపు నమిలిన చోటు. పెన్సిల్ పెట్టి తిప్పి సరిచేసుకున్నాం. ఆ మడత ఇంకా ఉంది. వాడు ‘అవును, వినబడుతోంది’ అన్నాడు. తర్వాత ‘ఈమె ఎంత చిన్నపిల్ల అమ్మమ్మా!’ అన్నాడు. వాడికి పదిహేడేళ్లు. అది గొంతు విని వాడంతట వాడే చెప్పిన మాట, నేను వయసు చెప్పలేదు.

రెండో క్యాసెట్ మేం రికార్డింగ్ సెంటర్లో చేయించుకున్నది. మొదటి పాట ‘ఆప్ జైసా కోయీ’. లోపలి కాగితం మీద పాటల పేర్లు పచ్చ ఇంకుతో వరసగా రాసి ఉన్నాయి. షాపాయన ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసి, ‘ఇది మా నాయన చేతిరాత’ అన్నాడు. ఫోన్‌తో ఒక ఫొటో తీసుకున్నాడు. ఇంకేం మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

మూడోది ‘స్టార్’, 1982. ఆ సినిమా ఆడలేదు గాని ‘బూమ్ బూమ్’ పాట ఊరంతా మోగింది. నాలుగోది ‘యంగ్ తరంగ్’, 1984ది. ఈ రెండూ వరద కంటే ముందే మా అన్న ఇంట్లో ఉండిపోయినవి కాబట్టి పెద్ద కష్టం లేకుండా వచ్చేశాయి. ‘యంగ్ తరంగ్’లో ఆమె గొంతు కుదురుకుంది, ధీమా వచ్చింది. బాగుంటుంది. నాకు మాత్రం మొదటిదే. తర్వాత ఆమె చదువు మీద పడింది, లండన్లో న్యాయశాస్త్రం చదివింది, ఐక్యరాజ్యసమితిలో పనిచేసింది. 1992లో ‘కెమెరా కెమెరా’ తర్వాత పాటలు ఆపేసింది. పాటతో వచ్చిన పేరును పట్టుకుని వేలాడలేదు. ఆపాకు ఆమెలో అన్నిటికంటే నచ్చింది అదే. వాళ్లమ్మాయిని లా చదివించడానికి ఇంట్లో అందరితో పోట్లాడినప్పుడు ఆపా ఈ మాట చెప్పడం నేను విన్నాను.

ఐదోది మా అక్క పెళ్లి సన్నాయి మేళం. బాగా వచ్చింది. ఆరోది రాలేదు. ఎప్పుడో కిటికీలో ఎండకు వదిలేసిన క్యాసెట్, టేపు అలలు అలలుగా వంగిపోయింది. ‘ప్రయత్నం చేస్తానని డబ్బు తీసుకోవచ్చు అక్కా, గాని రాదు’ అని మొదటి రోజే తిరిగి ఇచ్చేశాడు.

ఖర్చు: మామూలు క్యాసెట్‌కు 250 రూపాయలు. తడిసినవి, తెగినవి, విప్పి కడగాల్సినవి అయితే 600. నాకు ఐదింటికి మొత్తం 1,600 అయింది. ఫోన్‌పే ఉంది. గంట క్యాసెట్ ఎక్కించాలంటే గంటసేపూ తిరగాల్సిందే, తొందరగా చేసే దారి లేదు. ఆయన ఒక్కడే మనిషి. ఆ లెక్కన ఈ రేటు ఎక్కువ అనిపించలేదు.

ఆపా ఇప్పుడు హైదరాబాద్‌లో కూతురి దగ్గర ఉంటుంది. ‘లేకిన్ మేరా దిల్’ ఫైలు వాట్సాప్‌లో పంపాను. అరగంట తర్వాత ఫోన్ చేసింది. పాట గురించి ఒక్క మాటా అనలేదు. ‘ఆ మడత పడ్డ పాట పంపవే’ అంది. పంపాను.

షాపు ఉదయం పదకొండు నుంచి రాత్రి ఎనిమిది దాకా. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా మూసి ఉంటుంది, ఆదివారం సెలవు. గుడ్డలో ఇంకా ఎనిమిది తడిసిన క్యాసెట్లు మిగిలాయి. వచ్చే బుధవారం వాటిని పట్టుకుపోతున్నాను. ఈసారి కింద నుంచే పిలుస్తాను.